తొమ్మిది కొసర్లు

నా కొంప నేనే ముంచుకోవడం మొదలైన సమయం ఇది: మూడేళ్ల కిందట, మాఘమాసం రెండో ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. అప్పటికి నాకు అరవై నాలుగేళ్లు. బుద్ధి ఇంకా పూర్తిగా రాని వయసు.

విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున మాది చేపలు పట్టే ఊరు, పక్కది వరి రైతుల ఊరు. రెండూ కలిసి సరుగుడు తోపులో డిస్క్ గోల్ఫ్ మైదానం కట్టుకున్నాయి. వాళ్లు గుంజలిచ్చారు, మేము పాత వలలతో బుట్టలు అల్లాం. ఎవరైనా వచ్చి ఆడుకోవచ్చు. గీత దగ్గర నిలబడి ప్లాస్టిక్ పళ్లెం విసరాలి. అది పడిన చోటునుంచి మళ్లీ విసరాలి, బుట్టలో పడేదాకా. తొమ్మిది బుట్టలకూ కలిపి తక్కువ విసుర్లు వేసినవాళ్లదే గెలుపు. ఆ పొద్దున వాళ్లు ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను.

చిక్కల్లా తొమ్మిదో బుట్టతో. దాన్ని సరిగ్గా మా ఇరవై రెండు మంది ఆడవాళ్లు నెత్తళ్లు, అంటే వేలెడంత చేపలు, ఎండబెట్టే ఇసుకలో పాతారు. పది అడుగులు జరపమన్నాం, రైతులు కుదరదన్నారు. ఆటలో తేల్చుకుందామన్నారు. వాళ్ల తరఫున పెంచలయ్య, మా తరఫున నేను. కాకుల మీదికి రాళ్లు విసిరి విసిరి నా భుజం అప్పటికే ఫిరంగిలా తయారై ఉంది.

"చీటీ ఎవరు రాస్తారక్కా?" అన్నాడు పెంచలయ్య.

"ఇంకెవరు అబ్బయ్యా? నేను రాసినదాంట్లో కొట్టివేత ఉండదు. రాసింది రాసిందే. ఒప్పుకుంటేనే ఆట."

"ఒప్పుకున్నా."

మొదటి బుట్టలో నాలుగో విసురుకి వేశాను. పళ్లెం తీసి మళ్లీ విసిరాను. నీళ్ల సీసాతో వెంట వస్తున్న మా తోడికోడలు మస్తానమ్మ ఆగిపోయింది.

"పడింది గదక్కా, మళ్లీ ఎందుకేస్తా ఉండావు?"

"కొసరు."

"దీనిక్కూడానా?"

"వంద చేపలు ఎంచినాక పైన నాలుగు వెయ్యమా? ఇదీ అంతే."

చీటీలో ఐదు రాశాను. ఎక్కువ అంకె ఉన్నవాళ్లే గెలుస్తారని నా నమ్మకం. తక్కువ చేపలు పట్టినవాణ్ని మెచ్చుకోగా నేనెప్పుడూ చూడలేదు. మరి గురి చూసి వెయ్యడమెందుకు అంటారా? చేతకాదని అనిపించుకోలేను కదా.

"వెయ్యక్కా, చెయ్యేం అరిగిపోదు," అన్నాడు పెంచలయ్య, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

నాలుగో బుట్ట దగ్గర అతని పళ్లెం సరుగుడు కొమ్మల్లో ఇరుక్కుని ఏడు విసుర్లు పట్టాయి. నాకు అసూయ వేసింది.

తొమ్మిదో బుట్ట కొసరుకి నా ఎర్ర పళ్లెం గాలికి ఎగిరి ఉప్పుకాలవలో పడింది. చీటీలో అంకెలన్నీ కూడి చూశాను.

"నాది యాభై, నీది నలభై ఆరే. బుట్ట పీకు పెంచలయ్యా."

"అక్కా, తక్కువేసినోళ్లు గదా గెలిచేది."

మస్తానమ్మ వైపు చూశాను.

"పొద్దున్నే చెప్పినారు గదక్కా."

"మరి నాకు చెప్పొద్దటే?"

"నీకు లెక్క చెప్పేంతదాన్నా నేను?" అని అతని వైపు తిరిగింది. "కొసరు లెక్కలోకి రాదన్నా. తొమ్మిదీ తీసెయ్. నలభై ఒకటి. మేమే గెలిచినాం."

పెంచలయ్య చీటీ నా ముందు పెట్టాడు. "కొట్టేస్తావా అక్కా?"

ఇరవై రెండు మంది ఇసుక ఒక పక్క, నా మాట ఒక పక్క. పెన్సిలు చేతిలోనే ఉంది.

"రాసింది రాసిందే," అన్నాను.

పెంచలయ్య తొమ్మిదో బుట్ట గుంజను ఊపి ఊపి పీకి, భుజాన వేసుకుని, పది అడుగులు తోపు వైపు నడిచి పాతాడు.

"ఆట మాది. చోటు మీకు కొసరు."

ఆ నెత్తళ్ల సాక్షిగా ఒట్టు: ఇకమీదట చేపలకు తప్ప దేనికీ కొసరు వెయ్యను, ఎవరైనా నియమాలు చెబుతుంటే పెన్సిలు ముట్టను.

పోయినవి: ఎర్ర పళ్లెం ఒకటి. పెన్సిలు సగం. ఆట, నాలుగు విసుర్ల తేడాతో. కూడిక మాత్రం తప్పలేదు. నలభై ఒకటీ తొమ్మిదీ యాభై, కావాలంటే మీరే వేసి చూసుకోండి.