హమ్మాది చేసిన ఆకుపచ్చ టోపీ

ట్యూనిస్ పాతబస్తీ టోపీల బజారులో హమ్మాది కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ వెంటనే దారి చెప్పరు. ముందు మీ తల వంక చూస్తారు. దానిమీద టోపీ లేకపోతే, పాపం ఇంకా అటు పోలేదు కాబోలనుకుని అప్పుడు వేలు చూపిస్తారు. ఆ కొట్టు గడప తొక్కిన తల బోడిగా తిరిగిపోయిన పాపాన పోలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊరందరికీ టోపీలు తొడిగాడు గానీ ఎవరికీ టోపీ వేయలేదని హమ్మాదికి పేరు.

మనిషి పొట్టి, మీసం పొడుగు, నోరు ఇంకా పొడుగు. టేపు పెట్టి తల కొలవడం అతనికి నామోషీ. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఒక్క చూపు చూసి, "యాభై ఎనిమిది, ఎడమ పక్క చిన్న సొట్ట" అనేవాడు. ఆ సొట్ట సంగతి ఆ మనిషికే అప్పటిదాకా తెలిసేది కాదు.

ఇంట్లో భార్య మోంజియా ఉన్నితో టోపీ అల్లుతుంది. అల్లినప్పుడు అది గుమ్మడికాయ దూరేంత ఉంటుంది. దాన్ని సబ్బునీళ్లలో వేసి తొక్కి, సగానికి సగం కుంచించుకుపోయాక ముళ్లకాయతో గీకి నూగు లేపి, రంగు వేయించి, మూసకు తొడిగి నొక్కితే అప్పుడది టోపీ అవుతుంది. ఎర్రటోపీ. ఎరుపు కానిది టోపీ కాదు, బోర్లించిన గిన్నె అని హమ్మాది వాదన. అలాంటివాడు పనిగట్టుకుని ఆకుపచ్చ టోపీ చేయడానికి కారణం చెల్లెలి కూతురు అబీర్.

తండ్రి లేని పిల్ల. హమ్మాది చేతుల మీదే పెరిగింది. నాలుగేళ్లు కష్టపడి చైనా భాష నేర్చుకుని, ఒక ట్రావెల్స్‌లో గైడుగా చేరింది. మొదటి బృందం ఇరవై ఇద్దరు, అందరూ చైనా నుంచే, చాలావరకు రిటైరైనవాళ్లు. వాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు రాకపోతే ఉద్యోగం ఖాయమనీ, వస్తే మర్నాటి నుంచి రానక్కర్లేదనీ యజమాని ముందే చెప్పేశాడు. ఈ సంగతి మామయ్యకు నెల ముందే వచ్చి చెప్పుకుంది.

"వాళ్లకు పెద్ద పెంగ్ గారు, మామయ్యా. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశారట. ఆయన ఊఁ అంటే అందరూ ఊఁ అంటారు, ఆయన మొహం మాడితే నా ఉద్యోగం మాడినట్టే. నువ్వు టీ ఇవ్వు, టోపీలు చూపించు, పంపించెయ్. ఇంకేమీ చెయ్యకు."

ఏమీ చెయ్యకని చెబితే చెయ్యకుండా ఊరుకునే మామయ్యలే ఉంటే లోకం ఎప్పుడో బాగుపడేది. పిల్ల ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో ఆయనకు అందరూ పెట్టుకునే ఎర్రటోపీయా ఇచ్చేది? ఊరిని కాచే సీదీ మహ్రిజ్ దర్గాలో సమాధి మీద కప్పిన గుడ్డ ఏ రంగు? స్వర్గంలో పట్టుబట్టలు ఏ రంగు? ఆకుపచ్చే కదా! హమ్మాది ఆ రాత్రే మోంజియాతో మాట్లాడాడు. ఆవిడ మేలురకం ఉన్ని తీసి వారం రోజులు కూర్చుని అల్లింది. మొదటిసారి వేసిన రంగు ఉడికిన పాలకూరలా వచ్చిందని రంగులవాడితో పోట్లాడి రెండోసారి వేయించాడు. కొలత అబీర్ ఫోన్లో ఉన్న పెంగ్ పాస్‌పోర్టు ఫోటో చూసి తీశాడు, యాభై ఏడు. ఇదంతా అబీర్‌కి చెప్పలేదు. చెబితే ఇంకేం సరదా?

మే నెలలో ఆ ఇరవై ఇద్దరూ దిగారు. ముందు రెండు రోజులూ అబీర్‌కి చుక్కలు కనిపించాయి. ఎండ మండిపోతుంటే హోటల్లో అందరూ వేడినీళ్లు కావాలన్నారు. ఎవరికి నొప్పులొస్తున్నాయని వెయిటరు కంగారుపడి మేనేజరును పిలుచుకొచ్చాడు. పచ్చికూరల సలాడ్ పెడితే, వండటం మరిచిపోయారేమోనని ఎంతో మర్యాదగా వెనక్కి పంపారు. అయినా ఫిర్యాదు మాత్రం రాలేదు. మూడోరోజు టోపీల బజారు చూసేసి సాయంత్రం విమానం ఎక్కడమే మిగిలింది.

బజారు మొదట్లోనే సాదొక్ కొట్టు. అతను టోపీలు మానేసి ప్లాస్టిక్ ఒంటెలు అమ్ముతున్నాడు. ఒకావిడ ఒంటెను తిరగేసి, పొట్ట కింద తమ దేశం పేరు చదివి, చుట్టం కనిపించినట్టు అందరికీ చూపించింది. నవ్వుకుంటూ హమ్మాది కొట్టులోకి వచ్చారు. హమ్మాది వాళ్ల దేశపు తేయాకునే నల్లబడేదాకా మరిగించి, గ్లాసుకి మూడు చెంచాల చక్కెర పోసి ఇచ్చాడు. పెంగ్ ఒక గుక్క తాగి, గ్లాసులోకి తొంగి చూసి అబీర్‌ని ఏదో అడిగాడు. చాలా బాగుందంటున్నారని ఆమె మామయ్యకు చెప్పింది. ఆయన అడిగింది, ఇది ఏ జబ్బుకి మందని.

పెంగ్ పొడుగు మనిషి. ఇస్త్రీ చేసినట్టు మొహంలో ఒక్క మడత ఉండదు. పక్కనే భార్య యూజెన్, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. హమ్మాది గొంతు సవరించుకుని, బల్లకింద నుంచి పెట్టె తీసి, అబీర్ అయ్యో అనేలోపే ఆకుపచ్చ టోపీ పెంగ్ తలమీద పెట్టేశాడు. చర్మంలా అతుక్కుంది. చప్పట్ల కోసం ఒక అడుగు వెనక్కి వేశాడు.

చప్పట్లు లేవు. ఎత్తిన ఫోన్లు ఎత్తినట్టే ఉండిపోయాయి. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించారు. పెంగ్ చెవులు ఎర్రబడ్డాయి. యూజెన్ నేల చూపులు చూస్తోంది. అబీర్ మొహం రంగు వేయని ఉన్నిలా తెల్లబోయింది.

హమ్మాదికి ఒకటే తోచింది, బిగుతై ఉంటుంది. టోపీని రెండు చేతులతో పట్టుకుని ఇంకాస్త కిందికి లాగాడు. దగ్గులు ఎక్కువయ్యాయి. అయితే చూసుకోవడానికి అద్దం లేకనేమో అనుకుని అద్దం తెచ్చి ముందు పెట్టాడు. ఇది అందరికీ దక్కేది కాదని, పెట్టిపుట్టినవాళ్లకే దక్కుతుందని చెప్పమంటే అబీర్ నోరు పెగల్లేదు. పిల్ల బెదిరిపోయిందనుకుని తనే సైగలకు దిగాడు. యూజెన్ వైపు వేలు చూపించాడు, టోపీ వైపు చూపించాడు, అంతా మీ చలవే అన్నట్టు ఆవిడకు వంగి దణ్ణం పెట్టాడు.

పెంగ్ టోపీ తీసి, కాలుతున్న గిన్నెను దించినట్టు బల్లమీద దించి, తలుపు వైపు నడిచాడు. మిగతావాళ్లు వెనకే కదిలారు.

"కొంప ముంచావు మామయ్యా," అంది అబీర్ అతని చెవి దగ్గర. "వాళ్లలో పెళ్లాం ఇంకొకడితో తిరిగితే ఆ మొగుడికి ఆకుపచ్చ టోపీ పడిందంటారు. నువ్వు ఆవిడ ఎదురుగానే పెట్టావు. పైగా అద్దం చూపించావు."

హమ్మాది తల రెండు పక్కలా వేళ్లు నిలబెట్టి చూపించాడు. "అంటే మనవాళ్లు కొమ్ములు మొలిచాయంటారే, అదా?"

"అదే."

హమ్మాదికి నిజంగా ఏడుపొచ్చింది. కొరివితో తల గోక్కుంటే తన తలే కాలేది, ఇప్పుడు పిల్ల అన్నం కూడా కాలిపోయింది. నాలుగేళ్ల చదువు ఆ గుమ్మం దాటి వెళ్లిపోతోంది. చటుక్కున ఆ ఆకుపచ్చ టోపీ తీసి తన తలమీద పెట్టుకున్నాడు. అతనిది అరవై ఒకటి తల. టోపీ గుండిగమీద చెంబుమూతలా నిలబడింది. అలాగే పరుగెత్తి పెంగ్‌కి అడ్డంగా నిలిచాడు.

"అబీర్, ఒక్క ముక్క వదలకుండా చెప్పు. తప్పు నాది, తెలియక చేశాను. పిల్లకి ఏమీ తెలీదు. ఈ టోపీ ఆయనది కాదు, నాది. దీన్ని మా ఆవిడే అల్లింది."

అబీర్ ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. అదే కొంప ముంచింది, అదే తేల్చింది కూడా. పెంగ్ ఆగి, టోపీని చూసి, దానికింద మీసాన్ని చూసి, ఒక ప్రశ్న అడిగాడు.

"మీ ఆవిడే స్వయంగా అల్లిందా అంటున్నారు."

"ఆవిడే! పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడ పనే ఇది. ఒక్క నాకనేమిటి, ఈ బజారులో సగం మంది మగాళ్లకి ఆవిడే..."

అక్కడికి వచ్చాక తను అంటున్నదేమిటో హమ్మాదికే వినిపించింది. కానీ అబీర్ అప్పటికే తర్జుమా చేసేసింది. పెంగ్ మొహంలో మొదటి మడత పడింది. తర్వాత రెండోది. ఆపైన ఆ పెద్దమనిషి గోడ పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వాడు. యూజెన్ కూడా ముక్కు తుడుచుకుంటూ ఏదో అంది. అంత ఓపికగల ఆడది తమ ఊళ్లో ఒక్కతీ లేదట.

ఇరవై రెండు తలలూ ఎర్రటోపీలతో కొట్టు దిగాయి. పెంగ్‌కి హమ్మాదే తన చేతులతో పెట్టి, తన తలమీది ఆకుపచ్చది తీయకుండానే భుజంమీద చెయ్యేసి ఫోటో దిగాడు. విమానం ఎక్కేముందు అభిప్రాయం రాయమంటే, ఇంత నిబ్బరమైన మొగుణ్ని లోకంలో ఎక్కడా చూడలేదని పెంగ్ రాశాడు. యజమానికి అది అర్థం కాలేదు గానీ ఫిర్యాదు మాత్రం కాదు కదా. అబీర్ ఉద్యోగం ఖాయమైంది.

ఆ ఫోటో ఎక్కడెక్కడ తిరిగిందో, అప్పటినుంచి వచ్చిన ప్రతి చైనా బృందమూ ఆకుపచ్చ టోపీ ఆయన ఏడని అడగడమే. పెట్టుకోక తప్పదు, నవ్వక తప్పదు. సాదొక్ రోజూ పొద్దున్నే కొమ్ములు ఎంతవరకు పెరిగాయని పలకరించేవాడు. మోంజియాకు మాత్రం, చైనావాళ్లు నీ అల్లిక చూసి మురిసిపోతున్నారని చెప్పాడు. అది అబద్ధం కాదు.

ఒకరోజు ఆవిడ మధ్యాహ్నం భోజనం పట్టుకుని కొట్టుకు వచ్చింది. ఆవిడెవరో తెలియగానే చైనావాళ్లు దారి ఇచ్చి చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ చేతులు పట్టుకుని వదల్లేదు. మోంజియా సిగ్గుపడుతూ వెళ్లి, సాయంత్రం అబీర్‌ని కూర్చోబెట్టి సంగతేమిటని అడిగింది. అత్తయ్య ముందు మాత్రం అబీర్‌కి ఏ భాషలోనూ అబద్ధం చెప్పడం రాదు.

వారం రోజులు మోంజియా పల్లెత్తు మాట అనలేదు. వేళకు అన్నం పెట్టింది. అందుకే హమ్మాదికి నిద్రపట్టలేదు. ఎనిమిదో రోజు పొద్దున అతను బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపి, కొత్త ఆకుపచ్చ టోపీ తీసి తలమీద పెట్టింది. సరిగ్గా అరవై ఒకటి. రెండు చేతులతో పట్టుకుని చెవులదాకా లాగి, అద్దం తెచ్చి ముందు పెట్టింది.

"పాతది నీకు చిన్నదైంది, జనం నవ్వుతున్నారు," అంది. "ఇది పెట్టుకునిపో. ఎవరన్నా అడిగితే మా ఆవిడే పెట్టిందని చెప్పు."