అల్లుడు నడిపే బండి

మేవిస్ పిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్. చికిత్స కోసం ఆలిస్ స్ప్రింగ్స్ పట్నానికి తీసుకెళ్లే క్లినిక్ బండి వచ్చిన ప్రతిసారీ ఆమె దుప్పటి ముసుగేసుకుని పడుకునేది. క్లినిక్‌వాళ్లు భయమనుకున్నారు. బండి నడిపేది ఆమె అల్లుడు క్లిఫ్టన్. మేం ఆస్ట్రేలియా ఎడారి ఆదివాసులం; మాలో అత్తా అల్లుడూ ఎదురుపడరు, ఒకరితో ఒకరు మాట్లాడరు. అది మా మర్యాద.

మా జనానికి క్యాన్సర్ వైద్యం కోసం గ్రాంటు వచ్చినప్పుడు, ఊరికి కొత్తగా వచ్చిన నర్సు లోర్నా మంట దగ్గర కూర్చుని, ఏం కావాలని పిన్నమ్మనే అడిగింది.

"ఇంకో డ్రైవరు. ఆడమనిషి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం పిన్నీ?"

"సూదులు పట్టుకొస్తారు గానీ, ఈ మాట ఎవరడిగారే?"

కొత్త డ్రైవరు రూబీ వచ్చిన ఉదయం పిన్నమ్మ తానే వెళ్లి బండెక్కింది. క్లిఫ్టన్ షెడ్డు పక్కన అటు తిరిగి నిలబడ్డాడు. అతని భార్య డెలీస్ కాల్చిన కంగారూ తోకను పొట్లం కట్టి తల్లి ఒళ్లో పెట్టింది.

"ఎవరు కాల్చారే?"

"నేను కాదులే."

పిన్నమ్మ పొట్లం విప్పి వాసన చూసి, గొంతు కాస్త పెంచింది. "ఆ కాల్చినవాడితో చెప్పు, మాడ్చేశాడని. నేను తిరిగొచ్చేసరికి ఇంకోటి సరిగ్గా కాల్చి ఉంచాలి."

షెడ్డు పక్కన ఆ వీపు నవ్వుతో కదిలింది.