రజిత యంత్రానికి నా పేరు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిన్న సుబేదారిలో ఒక కాలేజీ వాళ్లు నాకు శాలువా కప్పి, నాయకత్వం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. అవి వింటుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది. అందుకే మీకు చెబుతున్నాను.

మక్కల, అదే మొక్కజొన్నల, తేమ కొలిచే యంత్రం మా కంపెనీది. మార్కెట్లో రైతు కుప్ప పోయగానే తడి ఎక్కువుందని ధర తగ్గిస్తారు. ఆ అన్యాయం ఆపాలనే మొదలుపెట్టాను. నిజంగా అందుకే. కానీ యంత్రం ఒకే కుప్పకు పూటకో అంకె చూపేది. ఏడాదిపాటు తల బద్దలు కొట్టుకున్నా కారణం నాకు అంతుపట్టలేదు.

కనిపెట్టింది రజిత. మా దగ్గర ప్రోగ్రాములు రాసేది. వాళ్ల నాన్న కేసముద్రం యార్డులో హమాలీ. ఆయన కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి తడి చెప్పడం చూస్తూ పెరిగింది. పైన ఎండకు వేడెక్కిన గింజ, అడుగున ఉన్న గింజ ఒకటి కాదంది. మూడు లోతుల్లో కొలవాలంది. రెండు నెలలు యార్డులోనే కూర్చుని ప్రోగ్రామంతా తిరగరాసింది. యంత్రం పనిచేసింది.

పేటెంటు దరఖాస్తులో నా పేరొక్కటే రాశాను.

తెలిసిన రోజే నా గదికి వచ్చింది. ఏడవలేదు.

"అన్నా, నా పేరు ఏడ వోయింది?"

"నువ్వు జీతానికి చేసినవ్ రజితా. ఈడ చేసిందంత కంపెనీదే."

"మరి నీ పేరెట్లున్నది? నువ్వు గూడ జీతం తీస్కుంటలేవా?"

దొరికిపోయినవాడు ఏం చేస్తాడు? అరుస్తాడు. "ఇష్టముంటే ఉండు, లేకుంటే పో" అన్నాను. వెళ్లిపోయింది.

ఇంతవరకు మా ఆఫీసులో పాతవాళ్లకు తెలుసు. ఎవరికీ తెలియనిది ఇది. నెల తిరక్కుండానే హైదరాబాదు కంపెనీ ఒకటి ఆమెను తీసుకోబోతూ నాకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి జాగ్రత్త తక్కువని, మా యంత్రం మొదట్లో తప్పు చూపింది ఆమె వల్లేనని చెప్పాను. ఎందుకు చెప్పాను? ఆమె పైకొస్తే నా గుట్టు బయటపడుతుందని భయమా? అంత ఆలోచన కూడా లేదు. నా గదిలో నిలబడి నన్నే నిలదీసిందన్న కోపం. అంతే. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మట్టెవాడలో జిరాక్సు సెంటరు నడుపుతోంది. పోయిన నెల చెప్పేద్దామని వెళ్లాను. నన్ను చూసి, "ఏం గావాలె సార్?" అంది. 'అన్నా' అనలేదు. జేబులో ఉన్న ఏదో కాగితం జిరాక్సు తీయించుకుని తిరిగొచ్చాను. పిరికివెధవని!

క్షమించమని అడగను. ఏ మొహంతో అడగాలి? పోనీలే, ఒప్పుకున్నావుగా అని మీరూ అనకండి, ఒళ్లు మండుతుంది. ఆ యంత్రం పనిచేసేలా చేసింది రజిత. ఆమె నోటి దగ్గరి కూడు తీసింది నేను. రాసేశాను. గుండె కొంచెం తేలికపడింది. తేలికపడినందుకు కూడా నామీద నాకు కోపమే వస్తోంది.