నడిచే సాంచా ముంగట నిలబడొద్దు

సాంచాలు ఆగిన రోజు నుంచి నాకు చదువు తలకెక్కడం మానేసింది.

మరమగ్గాలను మా వాళ్లు సాంచాలంటారు. సూరత్ శివారు భేస్తాన్‌లో మేముండేది ఒక సాంచాల కార్ఖానా మీది అంతస్తులో. కింద అవి ఆడుతుంటే పైన మా గచ్చు, స్టీలు గిన్నెల అర, నా కుర్చీ, అన్నీ ఒకే లయలో సన్నగా వణికేవి. పదో తరగతి నుంచి ఎంటెక్ దాకా ఆ చప్పుడులోనే చదివాను. పీహెచ్‌డీకి నేనెంచుకున్న విషయం తిరిగే యంత్రాల కంపనాలు. ఎందుకు ఎంచుకున్నావని ఇంటర్వ్యూలో అడిగితే పొడుగాటి జవాబే చెప్పాను గానీ, అసలు జవాబు నా కుర్చీకి తెలుసు.

చేరాక ఐడీ కార్డు కూడా చేతికి రాకముందే లాక్‌డౌన్ వచ్చింది. కింద మోటార్లు బందయ్యాయి. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో అంతసేపు నిశ్శబ్దం ఉండడం అదే మొదలు. పక్కింటి కుక్కర్ కూత, ఎదురింటాయన దగ్గు, మా ఫ్యాను కిర్రు, ప్రతిదీ పేరు పెట్టి నన్నే పిలిచినట్టు వినపడేది. ఒక పేజీ తెరిస్తే పై వరుస దాటేవాణ్ని కాదు. మధ్యలో ఎన్నో ఆలోచనలు. బాపుకు మళ్లీ పని ఎప్పుడు దొరుకుతుంది, అమ్మ బీపీ మాత్రలు ఎవరు తెస్తారు, చెల్లె డిగ్రీ పరీక్షలు ఉంటాయా ఉండవా.

నాకు ఏదైనా భాగాలుగా విడగొట్టుకుంటే గానీ అర్థం కాదు. గోడ మీద కాగితం అంటించి మూడు శీర్షికలు పెట్టాను: చదవాల్సినవి, రాయాల్సినవి, ఇంట్లో చూడాల్సినవి. మొదటి రెండూ అలాగే ఉన్నాయి. మూడోది కాగితం దాటి గోడ మీదికి పాకింది.

చెల్లె అది చదివి నవ్వింది. అది సూరత్‌లోనే పుట్టింది. దాని తెలుగులో సగం గుజరాతీ.

"అన్నా, నీకు శాంతి పడ్తలేదు. నీ దిమాగ్‌కు ఘోంఘాట్ కావాలె."

"గంత చప్పుడు యాడికెల్లి తెస్తవ్, కార్ఖానాకు తాళం వేసిండ్రు గద?"

అది బాపు ఫోను తీసుకుంది. ఎప్పుడో ఒక సాంచా సరిగ్గా ఆడడం లేదని మేస్త్రీకి చూపడానికి బాపు తీసిన వీడియో అందులో ఉంది. దాన్ని మళ్లీ మళ్లీ వచ్చేట్టు పెట్టి ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో కుక్కింది. టకటక, టకటక. పేజీ దానంతటదే తిరిగింది. ఆ ఏడాది కోర్సు పేపర్లన్నీ ఆ చెడిపోయిన సాంచా చప్పుడులోనే గట్టెక్కాను.

బాపుకు ఆ చప్పుడూ వినపడేది కాదు, మా మాటలూ అంతంతే. ఉత్తర తెలంగాణలోని మా ఊరి నుంచి మీసం రాకముందే ఇక్కడికొచ్చి సాంచాల మధ్య నిలబడ్డవాడు. చెవులు ఎప్పుడో పోయాయి. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మిగతాదంతా చేతులతోనే. కార్ఖానాలో ఎంత అరిచినా పక్క మనిషికి వినపడదు కాబట్టి అక్కడ అందరికీ చేతి సైగలే. రెండు వేళ్లు కలిపి ఠక్కున విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపితే ముడి పడిందని. పిడికిలి ఛాతీ ముందు అటూ ఇటూ ఊపితే సాంచా నడుస్తోంది, ఫికర్ లేదని. అరచేతి మీద రెండో చేతిని కత్తిలా గీస్తే తాకా కోశామని, అంటే నేత పూర్తయి బట్ట మగ్గం దిగిందని. ఆ సైగలు మా ఇంట్లోకీ వచ్చేశాయి. మా అన్నం వేళలు చూస్తే కొత్తవాళ్లకు కొట్లాటలా ఉంటుంది.

కార్ఖానాలు తెరిచారు. చప్పుడు తిరిగొచ్చింది. మొదటి ఏడాది చివర దాటాల్సిన అసలు పరీక్షకు, కాంప్రహెన్సివ్ వైవాకు, తేదీ పడింది. ముగ్గురు ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో కూర్చుని ఏదైనా అడగొచ్చు. దాటితే పరిశోధన మొదలు. దాటకపోతే పేరు జాబితాలో ఉంటుందో లేదో.

ఆ తేదీ దగ్గరపడుతుండగా రెండో వేవ్ వచ్చింది. బాపుకు జ్వరం, తరవాత ఆయాసం. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మమ్మల్ని గేటు దాటనివ్వలేదు.

మర్నాడు వార్డు నర్సు ఫోన్ చేసింది. "మీ నాన్న బాగానే ఉన్నారు. ఆయాసం లేదన్నారు, ఆకలి లేదన్నారు, భోజనం వద్దన్నారు."

అమ్మ ఫోను లాక్కుంది. "వద్దన్నడా? ఆయనెప్పుడన్న తిండి వద్దన్నడా? ఏమడిగిన్రు?"

"భోజనం వద్దా అని అడిగాం. హా అన్నారు."

అప్పుడు తెలిసింది. నర్సులందరి మొహాలకూ మాస్కులు. పెదాలు కనపడవు. చెవిటివాడనుకుంటారని బాపు ఎవరేమడిగినా "హా" అంటున్నాడు. ఆయాసం లేదు కదా అంటే హా. అన్నం వద్దా అంటే హా. కార్ఖానాలో సేఠ్ ఏమన్నా అనేది కూడా ఆ హా-నే.

"మూతికి ఆక్సిజన్ పెట్టుకొని గూడ హా హా అంటడు," అంది అమ్మ. తిడుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇక ఫోను నా చేతి నుంచి కిందికి దిగలేదు. నర్సు వీడియో కాల్ చేయడం, నేను సైగలతో అడగడం, బాపు సైగలతో చెప్పడం, నేను దాన్ని హిందీలో నర్సుకు చెప్పడం. ఫోను మోగనప్పుడు, మోగలేదేమని చూసేవాణ్ని. పుస్తకం ఒళ్లో తెరిచే ఉండేది. మా గైడ్ మేడమ్ స్వయంగా ఫోన్ చేసింది.

"వాయిదా వేయించనా? ఎవరూ తప్పు పట్టరు. కాకపోతే మళ్లీ కమిటీ ఎప్పుడు కూడుతుందో చెప్పలేను."

"సాయంత్రం లోపు చెప్తాను మేడమ్," అన్నాను.

అమ్మ వంటగదిలో అంతా వింది. చపాతీలు ఒత్తుతూ అడిగింది, "ఏమనుకుంటున్నవ్?"

"బాపు గిట్ల ఉంటే ఎట్ల కూసుంటనే? మనసంతా అక్కడే ఉంటది."

"మీ బాపు ఎన్ని సాంచాలు చూస్తడు?"

"శానా."

"అన్నిటి ముంగటా నిలబడ్తడా?"

నా చూపు మళ్లీ చేతిలోని ఫోను మీదికి పోయింది.

"నేను గూడ పెండ్లయిన కొత్తల ఆ కార్ఖానాల బాబిన్లు చుట్టిన. నడిచే సాంచా ముంగట నిలబడేటోన్ని మేస్త్రీ తిడ్తడు, ఏం తమాషా చూస్తున్నవ్ రా అని. పోగు తెగితే అదే ఆగుతది. ఆగినదాని కాడికి వోవాలె, ముడి ఎయ్యాలె, ఇంకోదాని దిక్కు మర్లాలె. నువ్వేమో పొద్దుందాక నడిచేదాన్ని చూసుకుంట నిలబడ్డవ్. నీ పుస్తకమే ఆగింది. అటు వో."

"మరి ఫోను?"

"నాకియ్యి. సైగలు నీకన్న నాకే మంచిగొస్తయ్. నీది చదువుకున్నోల్ల సైగ, మీ బాపు నవ్వుతడు."

"బాపుకు ఎక్కువైతే?"

"నేనే వస్త. వచ్చి గిట్ల చూపిస్త." పిండి చేత్తోనే రెండు వేళ్లు కలిపి ఠక్కున విడదీసింది. "నేను రాలేదంటే నడుస్తున్నట్టే."

మేడమ్‌కు ఫోన్ చేసి వాయిదా వద్దన్నాను.

కానీ అమ్మ కూడా రోజంతా ఫోను పట్టుకుని కూర్చోలేదు. ఈ చిక్కు నాకు తెలిసిన రకం. ఒక చోటి సంకేతం ఇంకో చోట అర్థం కావడం లేదు; మధ్యలో ఒక పటం ఉంటే చాలు. చెల్లెను కూర్చోబెట్టి బొమ్మలు గీయించాను. ఒక్కో చేతి సైగ, దాని కింద గుజరాతీలో, హిందీలో అర్థం. ఆయాసం, ఆకలి, నొప్పి, నీళ్లు, బాగున్నాను. అమ్మ పక్కన నిలబడి వంకలు పెట్టింది. "ఆ వేలేంది గట్లున్నది, చిక్కుడుకాయ లెక్క? తిన్నగ గియ్యి." ఫోటో తీసి నర్సుకు పంపాను. అడుగున పెద్ద అక్షరాలతో రాశాను: ఈయనకు వినపడదు, హా అంటే నమ్మకండి.

ఆ సాయంత్రమే నర్సు వీడియో కాల్ చేసింది. బాపు మంచం తలాపున గోడకు ఆ కాగితం అంటించి ఉంది. బాపు గంజి తాగుతున్నాడు. పక్క మంచం మీద ఒక ఒడియా మనిషి నర్సుకేదో సైగ చేస్తున్నాడు.

"చూశావా భాయ్," అంది నర్సు. "ఇతనికి మా హిందీ సరిగా రాదు. మీ కాగితం చూడగానే లేచి కూర్చున్నాడు. ఇతనూ సాంచాల మనిషేనట. ఇంకో కాపీ పంపించు, అవతలి వార్డుకు కూడా కావాలి."

మావాళ్లు, ఒడియావాళ్లు, యూపీవాళ్లు, ఎవరి భాష వారిదైనా కార్ఖానాలో చేతులు మాత్రం ఒకటే మాట్లాడతాయి. అది నాకు తెలిసిన సంగతే, దాని విలువ కట్టడం ఆ రోజు వచ్చింది. ఆ రోజు చదివింది కూడా ఒక్క ముక్క మర్చిపోలేదు. ఫోను అమ్మ దగ్గర, బాపు నర్సు దగ్గర, నేను పుస్తకం దగ్గర. ఎవరి సాంచా ముందు వాళ్లం.

వైవా రోజు కింద కార్ఖానా నడుస్తోంది. తలుపు ఓరగా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు చెప్తుంటే ఒక ప్రొఫెసర్ ఆపాడు.

"కొంచెం మెల్లగా. అరుస్తున్నావు."

సాంచాల ఇంట్లో మామూలుగా మాట్లాడడమంటే అదే. గొంతు తగ్గించాను. ప్రశ్నలు వస్తున్నాయి, నేను చెప్తున్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అప్పటిదాకా మాట్లాడలేదు. ఆయన అడిగాడు. తిరిగే షాఫ్టు వేగం పెంచుతూ పోతే ఒక వేగం దగ్గర విపరీతంగా ఊగుతుంది. దాన్ని దాటించి ఇంకా వేగం పెంచితే ఏమవుతుంది, ఎందుకు?

తెలిసిన ప్రశ్నే. నోరు తెరిచాను. అదే క్షణాన కింద కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, నెట్ చెల్లె ఫోనుది. పోయింది చప్పుడొక్కటే. దానితో పాటు నా తలలోని వాక్యం కూడా. ఆ నిశ్శబ్దంలో అవతలి గదిలో అమ్మ చెప్పుల చప్పుడు వినపడింది. ఇటే వస్తోంది. తలుపు తెరుచుకుంది.

పోగు తెగితేనే వస్తానన్నది కదా. నా చూపు స్క్రీను దాటి ఆమె చేతుల మీద పడింది. ఆ వేళ్లు విడిపోతాయేమోనని చూస్తున్నాను.

అమ్మ పిడికిలి బిగించింది. ఛాతీ ముందు అటూ ఇటూ ఊపింది. నడుస్తోంది. కింద చప్పుడు ఆగేసరికి నేను బెదురుతానని, అది చెప్పడానికే వచ్చింది. ఇంకో చేత్తో, నా దిక్కేం చూస్తున్నవ్ అన్నట్టు స్క్రీను చూపించి తలుపు వేసుకుని పోయింది.

"వినపడుతోందా?" అన్నాడు పరీక్షకుడు.

"వినపడుతోంది సార్," అన్నాను. రెండు పిడికిళ్లూ కెమెరా ముందుకు తెచ్చాను. ఒకటి షాఫ్టు, ఒకటి దాని మీది బరువు ఎక్కువున్న వైపు. "తక్కువ వేగంలో బరువైన వైపు బయట ఉంటుంది, షాఫ్టును బయటికి గుంజుతుంది. అందుకే ఊపు. ఆ వేగాన్ని దాటితే ఇదిగో, బరువైన వైపు లోపలికి వచ్చేస్తుంది. షాఫ్టు తన బరువు కేంద్రం చుట్టూ తానే సర్దుకుని తిరుగుతుంది. ఎంత వేగం పెంచితే అంత నిలకడ." చేతులు వాటంతటవే చెప్తున్నాయి. ఆ వెనక సమీకరణం రాసి చూపించాను. ఎక్కడా తడబడలేదు. ఇయర్‌ఫోన్లు లేవు, సాంచాలు లేవు, శుభ్రమైన నిశ్శబ్దం. అందులో నా గొంతు నాకే బాగా వినపడింది.

నన్ను బయటికి పంపి, మళ్లీ పిలిచారు. మేడమ్ నవ్వు దాచుకోలేదు. "పాసయ్యావు. అందరూ ఒకే మాట."

పరీక్షకుడు కెమెరా ముందు తన పిడికిళ్లు తిప్పి చూసుకుంటున్నాడు. "ఇలా చెప్పడం నా క్లాసులో వాడుకుంటాను," అన్నాడు.

తలుపు తీసేసరికి అమ్మ, చెల్లె వీడియో కాల్‌లో ఉన్నారు. అమ్మ ఫోను నాకిచ్చింది. ఆక్సిజన్ మాస్కు వెనక బాపు కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. ఎడమ అరచేతి మీద కుడిచేత్తో కత్తిలా గీశాను. తాకా కోశాం.

పక్క మంచం ఒడియా మనిషికి బాపు కంటే ముందు అర్థమైంది, చప్పట్లు కొట్టాడు. నీలం గౌనులో నర్సు గోడ మీది కాగితం చూసి, అందులో ఆ సైగ లేక, తనకు తోచినట్టు ఏదో చేసింది.

"చాయ్ గావాలంట," అంది అమ్మ. చెల్లె పకపకా నవ్వింది.

బాపు నవ్వలేదు. పని వేళ బాపు నవ్వడు. రెండు చేతులూ చాచి, పెద్ద బరువును ఎత్తి భుజం దగ్గర నుంచి ముందుకు దించినట్టు చూపించాడు. బట్ట దిగిన సాంచా మీద కొత్త పడుగు ఎక్కించేటప్పుడు చేసే సైగ అది. ఖాళీగా ఎందుకుంచావ్, ఎక్కించు.

"ఏమంటుండు?" అంది చెల్లె.

"ఏమంటడు," అంది అమ్మ, "కూసోనియ్యడు."

కింద కరెంటు వచ్చింది. ఒక్కొక్క సాంచా అందుకుంది. గచ్చు వణకసాగింది. నేను గోడ మీది పాత కాగితం తీసేసి, కుర్చీ లాక్కుని, థీసిస్ మొదటి అధ్యాయానికి శీర్షిక రాశాను.