కర్ర తాగిన నీళ్లు

మా మేనమామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను వికారాబాదులో మా దుకాణం షట్టరు సగం ఎత్తి ఉన్నాను. తాండూరు నుంచి మామ ఇంటి పక్కాయన చేశాడు. పొద్దున చాయ్ తాగి పని గదిలోకి పోయాడట, అక్కడే ఒరిగాడట. ఆ గదిలో ఏముందో నాకు తెలుసు. ఆయన ఎందుకు పోయాడో కూడా తెలుసు. ఈ రెండో సంగతి తాండూరులో ఎవరికీ తెలియదు, మా అత్తకు అసలే తెలియదు. షట్టరు మళ్లీ దించి స్టేషనుకు నడిచాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మామ గురించి చెడ్డ రాద్దామన్నా దొరకదు. చెడ్డంతా నా వైపే ఉంది. కాబట్టి ఆయన గురించి రాస్తూ నా గురించి కూడా కొంత రాయక తప్పదు.

మామ వాళ్లది గొర్రెలు కాసిన ఇల్లు, కొడంగల్ దగ్గరి పల్లె. ఆయన ధ్యాస మాత్రం చిన్నప్పటి నుంచీ కర్ర మీదే. ఊరి వడ్లాయన దగ్గర కూర్చుని వడ్రంగం పట్టుకున్నాడు. పెళ్లయ్యాక ఆ పని చాలక, తాండూరులో బండలకు పాలిషు పట్టే మిషన్ల దగ్గర పన్నెండేళ్లు చేశాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. అత్త బకెట్టు నీళ్లు వాకిట్లోనే పెట్టి, కడుక్కోనిదే గడప తొక్కనిచ్చేది కాదు. కొన్నాళ్లకు రాయి తనకు పడటం లేదని మామ మళ్లీ కర్ర దగ్గరికి వచ్చాడు. రాయి పీడ వదిలిందని అందరం సంతోషించాం.

ఏ చెక్క చేతికిచ్చినా ముందు వాసన చూసేవాడు. "కర్ర అబద్ధమాడదు బిడ్డ, అమ్మెటోడు ఆడుతడు," అనేవాడు. కొలత తీసుకునేటప్పుడు ఎవరైనా పలకరిస్తే చూపుడు వేలు పైకెత్తేవాడు, ఆ వేలు దిగేదాకా ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. నేను దుకాణం పెట్టిన మొదటి ఏడు, తెలివైనదాన్నని అనుకుని ఒక బండి టేకు కొన్నాను. మామ వచ్చి ఒక పలక వాసన చూసి, ఆ దుంగల మీదే కూర్చుని, సాసర్లో పోసుకుని చాయ్ అంతా తాగాడు. తర్వాత, అంతా పచ్చిదని, ఎండాకాలం రాగానే నోరు తెరుస్తుందని చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేదని నాకప్పుడు అనిపించింది. దేవుడి మందిరాలు, నగల పెట్టెలు, ఫోటో చట్రాలు అమ్ముకుంటూ ఈ రోజు నేను అన్నం తింటున్నానంటే అది ఆయన నేర్పిన ముక్కు వల్లే.

పోయిన ఏడు వానలు మొదలయ్యాక దగ్గు ఎక్కువైంది. అత్తకు అది పాత బీడీల దగ్గని చెప్పి, దుకాణానికి తాను చేసిన సరుకు ఇచ్చే వంకతో మా దగ్గరికి వచ్చాడు. వికారాబాదు గాలి రోగాలకు మందని మా వైపు పాత మాట. అనంతగిరి గుట్ట మీద క్షయ ఆసుపత్రి అందుకే కట్టారని పెద్దలు చెబుతారు. ఆ గాలికి కూడా తగ్గలేదు, ఛాతీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఎక్స్‌రే ఫిల్ము దీపానికి పెట్టి చూసి డాక్టరు మెల్లగా చెప్పాడు. పాత రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి ఉందట. ఇక రాతి దుమ్మయినా, కర్ర దుమ్మయినా, ఒక్క పిడికెడు కూడా లోపలికి పోకూడదు. పోతే ఎన్నాళ్లుంటాడో తాను చెప్పలేనన్నాడు.

ఆటోలో మామ ఆ ఫిల్ము నా ఒళ్లో పెట్టాడు. "మీ అత్తకు చెప్పకు. మందల దగ్గే గొర్రెను వేరు జేసి కడుతరు బిడ్డ. నన్ను గట్ల చూడొద్దు," అన్నాడు. నేను సరేనన్నాను. అంత తేలిగ్గా సరేనన్నందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

రెండు నెలలు నిజంగానే పని ముట్టలేదు. అప్పుడు అనంతగిరి దారిలో అతిథి గృహం నడిపే ఆయన మా దుకాణానికి వచ్చాడు. ఆయనకు సిగార్లు దాచుకునే పెట్టె కావాలి. సిగార్లంటే మన చుట్టలకు దొరబాబుల్లాంటివి. ఎండితే పొడిపొడి అవుతాయి, తడిస్తే బూజు పడతాయి. అందుకని గాలి చొరని పెట్టెలో, ఒకే లెక్క తేమలో ఉంచాలి. లోపలి పొరకు విదేశీ దేవదారు పలకలు ఆయనే తెప్పించాడు, సరిగ్గా ఒక్క పెట్టెకు సరిపడా. ఎలా చేయాలో రాసిన కాగితం, తేమ చూపే చిన్న ముల్లు మీటరు కూడా ఇచ్చాడు. ఇది నచ్చితే తన గదులన్నిటికీ సామాను మా దగ్గరే చేయిస్తానన్నాడు. అటువంటి గిరాకీ మా గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. నేను ఫోను చేసి మామకు చెప్పాను. సలహా అడగడానికే చేశానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆయన కాదనలేడని తెలిసే చేశాను.

"ఒక్కటే గద. మూతికి తువ్వాల కట్టుకుంట," అన్నాడు.

కట్టుకున్నాడు, రెండు రోజులు. మూడో రోజు నేను పోయేసరికి తువ్వాల మెడలో ఉంది. ఆ చెక్కకు పెన్సిలు చెక్కినప్పటి వాసన, ఇంకా తియ్యగా. తువ్వాల కట్టుకుంటే ఆ వాసన అందటం లేదని, ముక్కు మూసుకుని కర్ర పని చేయడం తన వల్ల కాదని చెప్పాడు. బయట టేకు, లోపల దేవదారు, రెండు జానల పెట్టె. లోపల రంగు గానీ మెరుగు గానీ వేయలేదు, వేస్తే కర్ర నోరు కట్టేసినట్టే. మూత ఎంత కుదిరిందంటే, వదిలితే టప్పున పడదు. లోపలి గాలి మెల్లగా బయటికి పోతూ, నిట్టూర్చినట్టు చప్పుడు చేసి దిగుతుంది. మామ ఆ చప్పుడు కోసం పదే పదే మూత ఎత్తి వదిలేవాడు. నాకెందుకో అది వినబుద్ధి కాలేదు.

పెట్టె అయ్యాక వెంటనే సిగార్లు పెట్టకూడదు. ముందు దానికి నీళ్లు పట్టించాలి. ఒక గిన్నెలో శుద్ధి చేసిన నీళ్లు పోసి, లోపల పెట్టి, మూత వేసి రెండు వారాలు వదలాలి. తాండూరు బోరు నీళ్లు పనికిరావు, ఎండితే సున్నం మిగులుతుంది. అందుకని బ్యాటరీల్లో పోసే నీళ్ల సీసా కొనుక్కొచ్చాం. కాగితంలో అరపేజీ నిండా ఉన్న సంగతిని మామ రెండు ముక్కల్లో తేల్చాడు. "తడి పదును లేని భూమిల గింజేస్తె భూమి గింజనే తింటది. గిది గూడ గంతే. ముందు తాగనియ్యాలె, లేకుంటె దాచమని ఇచ్చినదాన్నే తాగుతది."

అత్త ఆ మాట గుమ్మంలో నిలబడి విన్నది.

మా వైపు మనిషి పోయిన చోట దీపం పెట్టి, పక్కన చెంబుతో నీళ్లు పెడతారు. మర్నాడు నీళ్లు తగ్గితే పోయినవాళ్లు వచ్చి తాగారని నమ్మకం. అత్త తన తల్లి పోయినప్పుడు ఆ చెంబు ముందే కూర్చుని పది రోజులు గడిపింది. ఇప్పుడు తన ఇంట్లోనే, ఎవరూ పోకుండానే, మూసిన కర్రపెట్టెలో నీళ్ల గిన్నె. మామ రోజూ పొద్దున మూత తీసి, నీళ్లు ఎంత దిగాయో గిన్నె మీద పెన్సిలుతో గీత పెట్టేవాడు. రోజుకు గోరు మందం తగ్గుతున్నాయి. రోజుకు ఇంతని మామ దగ్గు పెరుగుతోంది. అత్త ఈ రెంటినీ కలిపి చూసింది.

నాకు ఫోను చేసింది. "ఎవలు తాగుతున్నరు బిడ్డ ఆ నీళ్లు?" అని అడిగింది. కర్ర తాగుతుందత్తా అని నవ్వాను. ఆ పెట్టెను తీసుకుపొమ్మని, అది వచ్చినప్పటి నుంచి ఆయన మొహం మీద కళ లేదని బతిమాలింది. నేను మళ్లీ నవ్వి, నువ్వు ఏ కాలంలో ఉన్నావత్తా అన్నాను. పక్కనుంచి మామ కూడా నవ్వడం వినిపించింది. ఆ ఇంట్లో ఆయనకు ఏదో అవుతోందని పైకి అన్నది ఆమె ఒక్కతే. నిజం తెలిసిన మేమిద్దరం ఆమెను చూసి నవ్వాం.

తొమ్మిదో రోజు నేను మీటరు చూడటానికి పోయాను. మామ మూత ఎత్తగానే గుప్పున కర్పూరం. లోపల మూలకు పసుపు కుంకుమ బొట్టు, గిన్నె పక్కన ఒక నిమ్మకాయ, సగం కరిగిన నాలుగు కర్పూరం బిళ్లలు. కొత్త సామాను ఏది వచ్చినా పసుపు పెట్టడం మా ఇళ్లలో ఉన్నదే. అత్త దానికి కర్పూరం జోడించింది, లోపల ఏముందో అది బయటికి పోవాలని. తడిసిన చెక్క నీళ్లతో పాటు ఆ వాసనను కూడా తాగింది. రెండు రోజులు మూత తీసి పెట్టినా పోలేదు.

అతిథి గృహం ఆయనకు ఫోను చేశాను. సిగార్లు పక్కనున్న ఏ వాసననైనా పట్టుకుంటాయని, కర్పూరమైతే పెట్టె వద్దని మర్యాదగానే చెప్పాడు. పలకలు మళ్లీ తెప్పించడానికి నెలలు పడుతుంది. అప్పుడు నేను మామతో, లోపల ఒక పొర రుద్దితే పోతుందేమో అన్నాను. ఆ మాట అన్నది నేనే. పాడైంది పోనీ మామా, వదిలేయ్ అని ఎందుకనలేదో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

మామ అత్తను కోప్పడలేదు. దేవుని వాసన మంచిదే, ఈ చుట్టలకు పడదంతే అని మాత్రం అన్నాడు. తడి చెక్కకు గాలి తగిలితే వంకర పోతుందని గది తలుపు, కిటికీ మూసుకున్నాడు. గరుకు రేగ్మాల్ కాగితం మడిచి, మొహం పెట్టె మీదికి వంచి, మూల మూలా చేత్తో రుద్దాడు. మూడు రోజులు పట్టింది. వాసన పోయిందో లేదో తెలియాలి కదా, తువ్వాల కట్టుకోలేదు. మూడో రోజు నేను తలుపు తీసేసరికి గదిలో ఎర్రటి దుమ్ము పొగమంచులా ఆడుతోంది, ఆయన కనురెప్పలు ఎర్రగా ఉన్నాయి. "పోయింది బిడ్డ, చూడు," అని పెట్టె నా వైపు జరిపాడు. చూశాను. పెన్సిలు వాసన తప్ప ఏమీ లేదు. మళ్లీ గిన్నె నింపి, లోపల పెట్టి, మూత వేశాడు.

రెండో గిన్నెలో నాలుగో గీత పెట్టిన మర్నాడు పక్కాయన ఫోను వచ్చింది.

నేను పోయేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. కరణ్‌కోట ఫ్యాక్టరీకి పోయే చుట్టుపక్కలవాళ్లు డ్యూటీ మానుకుని వచ్చారు. మోసే నలుగురూ బలమైనవాళ్లే, అయినా ఒకతను, ఇంత తేలికయ్యాడేమిటని పక్కవాడితో గొణిగాడు. ఆయనను బయటికి తెచ్చాక పని గదిలోకి మళ్లీ ఎవరూ పోలేదు. నేనే పోయి మీటరు చూశాను. ముల్లు డెబ్బై దగ్గర నిలబడి ఉంది, కాగితంలో రాసినట్టే. పెట్టె చక్కగా పదునుకు వచ్చింది. ఆ వారంలోనే అనంతగిరి దారిలో ఇచ్చేశాను. అతిథి గృహం ఆయన లోపల ముక్కు పెట్టి చూసి, పనివాడి చేతులకు దండం పెట్టాలన్నాడు. మిగతా గదుల సామాను మాట ఎత్తాడు. నేను చేయలేనని చెప్పి, ఆయన మూత వేయక ముందే బయటికి వచ్చేశాను.

దినాలైన మర్నాడు అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నిజం చెప్పేయాలని వికారాబాదు నుంచి అనుకుంటూనే వచ్చాను. డాక్టరు మాట, ఫిల్ము, నా ఫోను, అన్నీ. అప్పుడు ఆమె అన్నది.

"నేనే ఆలిశం జేసిన బిడ్డ. నీళ్లు పెట్టిన నాడే కర్పూరం ఏసుంటె బతుకుతుండె. మల్ల ఏద్దామనుకున్న, ఆయనకు పని ఎక్కువైతదని ఊకున్న. నువ్వు సదువుకున్నదానివి, జెప్పు. నా తప్పేనా?"

దుమ్ము ఆయనను తీసుకుపోయిందని చెబితే, ఆ మూడు రోజుల దుమ్ము ఎవరి కర్పూరం పోగొట్టడానికి లేచిందో ఆమె క్షణంలో తెలుసుకుంటుంది. చెప్పకపోతే నా తప్పు ఎప్పటికీ పెట్టె తప్పుగానే ఉంటుంది. నీ తప్పేమీ లేదత్తా అన్నాను. "మరి ఎవలదే?" అని అడిగింది.

ఆమెకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను. తాండూరులో ఆమెను ఎరిగినవాళ్లెవరైనా చదివితే, మీకు దండం పెడతాను, ఆమెకు వినిపించకండి.

బయల్దేరేటప్పుడు అత్త కొంగు ముడి విప్పి కర్పూరం పొట్లం నా చేతిలో పెట్టింది, దుకాణంలోకి వచ్చే ప్రతి కొత్త పెట్టెలో ఒక బిళ్ల వేయమని. వేస్తున్నాను. అది నిలిచేది కాదు, కొన్నాళ్లకు హరించుకుపోతుంది, మళ్లీ వేస్తున్నాను. కొనడానికి వచ్చినవాళ్లు మూత తీసి, వాసన బాగుందంటారు. ప్రతి శుక్రవారం అత్త ఫోను చేసి వేశానా లేదా అని అడుగుతుంది. వేశానత్తా అంటాను. అవతల ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తుంది.

"గంతే బిడ్డ," అంటుంది. "ఇగ నీకేం గాదు."