గ్లాసులో వేసిన జీడిపప్పు

ఒక మనిషిని నవ్విస్తూ చంపాను. ఇన్నేళ్లూ ఈ మాటను నోట్లో ఉంచుకునే అన్నం తిన్నాను. మొన్నమొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నేను కోతలరాయుణ్ణి. పలాసలో మా జీడిపిక్కల షెడ్డులో నేనుంటే రేడియో అక్కర్లేదు. సముద్రంలో మొసలితో కబడ్డీ ఆడానన్నా కూర్చుని వింటారు. మా బావ, అంటే అక్క మొగుడు, అక్కడే పిక్కలు కాల్చేవాడు. అతనికి హెపటైటిస్ బి. లివర్ చెడకుండా రోజుకో బిళ్ల వేసుకోవాలి. టెక్కలి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ఈ మందు కొందరికి కిడ్నీల మీద కొంత ప్రభావం చూపవచ్చు, అందుకే అప్పుడప్పుడు రక్తం, మూత్రం పరీక్షిస్తాం, తేడా కనిపిస్తే మందు మారుస్తాం, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. నేను అంతా విన్నాను. బావ చెవిలో ఒక్క మాటే పడింది. కిడ్నీ.

పడదా మరి? ఇంటింటా కిడ్నీ రోగులే, కనబడితే క్రియాటినిన్ ఎంతని పలకరించుకునే ఉద్దానం మాది.

మర్నాడు షెడ్డులో అడిగాడు.

“ఒరే బామ్మర్దీ, నిజం సెప్పు. ఈ బిళ్ల కిడ్నీల్ని తినేత్తాదేటి?”

“ఇంకా తెల్దేటి బావా? ఉండు, సూపిత్తాను.”

గ్లాసు నీళ్లలో బిళ్ల వేశాను. కిడ్నీ ఆకారమే కదా అని ఒక జీడిపప్పు కూడా వేసి మూత పెట్టాను. అందరి చూపూ మళ్లించి, షెడ్డు మూల తొట్టిలో నాని చివికిపోయిన పప్పును దాని చోట పెట్టాను. పైకి తీసి వేళ్ల మధ్య నొక్కితే పిండైపోయింది.

“అయిపోనాది బావా నీ కిడ్నీ!”

“నీ నోట్లో మన్నెట్టా!” అని బావ అందరికంటే గట్టిగా నవ్వాడు.

నవ్వాడు గనుక నమ్మలేదనుకున్నాను. నిజంగా అనుకున్నానా? నవ్వులు ఆగాక అతను ఆ గ్లాసు వంక చూసిన చూపు నేను చూశాను. ఉత్తదే బావా అనడానికి ఎంతసేపు పట్టేది? ఆట చెడిపోతుందని ఊరుకున్నాను.

బావ ఎవరికీ చెప్పకుండా మందు మానేశాడు. కొన్ని నెలలకు కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఆసుపత్రి మంచం మీద నాకొక్కడికే చెప్పాడు, మానేశానని. కిడ్నీలైతే దక్కాయి కదరా అని కూడా అన్నాడు. అతను మందు మానేశాడని డాక్టరమ్మకు చెప్పాను. ఎందుకు మానేశాడో చెప్పలేదు. మళ్లీ మొదలుపెట్టారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

మానేసిన సంగతి తెలియని అక్క, ఆ బిళ్లే చంపిందని ఏడ్చింది. పక్కన కూర్చుని తల ఊపాను.

ఈమధ్య పరీక్షల్లో అక్కకూ అదే జబ్బని తేలింది. మందు మొదలుపెట్టాలన్నారు. మొగుణ్ణి తిన్న బిళ్లను నేను మింగనంది అక్క. నువ్వైనా చెప్పవయ్యా అన్నట్టు డాక్టరమ్మ నా వైపు చూసింది. చెప్పాను. జరిగింది జరిగినట్టు, ఒక్క కోత కూడా కలపకుండా.

అక్క లేచి వెళ్లి దూరంగా మరో కుర్చీలో కూర్చుంది. ఏ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో మళ్లీ మొదటినుంచి చెప్పమని డాక్టరమ్మను అడిగింది. ఇంటికి ఒక్కతే వెళ్లింది. మందు వేసుకుంటోందని పక్కింటివాళ్లు చెప్పారు. నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని నేను అడగను.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పడుతోంది. పట్టడం న్యాయమేనా? తెలియదు. పడుతోంది.