రంగు లేని మురికి

2023 వానాకాలం. గద్వాలలో నీటి పరీక్షల ల్యాబులో నేను అనలిస్టును. ఊరి కాలువ ఎర్రగా పారుతోందని ఫిర్యాదు వచ్చింది. కాలువ పక్కనే చీరల నూలుకు రంగులద్దే సరోజమ్మ షెడ్డు ఉంది. ఇంకేం, దోషి దొరికింది. షెడ్డు మూయించడానికి మా ఆఫీసరుకు నా సంతకం ఒక్కటే తక్కువైంది.

శాంపిల్ తీయడానికి వెళ్తే సరోజమ్మ మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులతో ఎదురొచ్చింది. తన షెడ్డును నమ్ముకున్న మగ్గాలన్నీ ఏకరువు పెట్టి, చివరికి నన్నే నిలదీసింది.

"మూసేస్తే నూలుకు రంగు నీ ల్యాబుల ఏస్తవా అక్కా?"

"నేనింకా ఏం రాయలే. ముందు నన్ను కాలువకాడికి పోనియ్యి, జర తొవ్వ ఇయ్యి" అన్నాను.

ఆమె వదిలే నీళ్లలో రంగూ ఉప్పూ ఉన్నాయి. దాచను. కానీ షెడ్డుకు ఎగువన పాత సామాను దుకాణం ఉంది. చింపిన సోఫాల స్పాంజి, పగలగొట్టిన టీవీ డబ్బాలు, వైర్లు అక్కడ వానకు నానుతుంటాయి. కారిన నీరంతా కాలువలోకే. అలాంటి వస్తువులకు తొందరగా నిప్పంటుకోకుండా ఫ్లేమ్ రిటార్డెంట్లనే రసాయనాలు కలుపుతారు. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి పోవు, చేపల ఒంట్లో పేరుకుంటాయి. నీళ్లలో వాటికి రంగుండదు. మా మామూలు పరీక్షకు దొరకవు.

ఆ మాటే ఆఫీసరుకు చెప్పి, వాటికి వేరే పరీక్ష చేయిద్దామన్నాను.

"నీళ్లు ఎర్రగ కనపడుతనే ఉన్నయ్ గద మేడం. ఇంకేం పరీక్ష?"

"కంటికి కనపడేదే రాయాల్నంటే నాకు జీతమెందుకు సార్?"

"ఆ పరీక్ష మన లిస్టుల లేదు."

"లిస్టుల లేకుంటే నీళ్లల్ల ఉండదా?"

ఆయన సంతకం చేయాల్సిన కాగితం నా ముందుకు జరిపాడు. నేను సంతకం పెట్టకుండా లేచాను.

ప్లాస్టిక్ సీసాలోంచి కూడా ఈ రసాయనాలు నీళ్లలోకి దిగవచ్చు. అందుకని గాజు సీసాలు కడిగి, దుకాణానికి ఎగువన ఒక చోట, దుకాణానికీ షెడ్డుకూ మధ్య ఒక చోట, షెడ్డుకు దిగువన మరో చోట నీళ్లు పట్టాను. ఒక్కో చోటి నీళ్లు కొన్ని నా దగ్గర ఉంచుకుని, మిగతావి హైదరాబాదులో ఆ పరీక్ష చేసే యంత్రమున్న ల్యాబుకు పంపాను. ఫలితం వచ్చేదాకా సంతకం కోసం ఆఫీసరు నుంచి ఫోన్లే ఫోన్లు.

ఎగువ నీళ్లలో ఆ రసాయనాల ఆనవాలు లేదు. మధ్య నీళ్లలో ఉంది, అంటే సరోజమ్మ షెడ్డును చేరకముందే. ఆ మధ్య నీళ్లేమో తాగాలనిపించేంత తేటగా ఉన్నాయి. ఆ సీసానూ దిగువ నుంచి తెచ్చిన ఎర్ర సీసానూ ఆఫీసరు టేబుల్ మీద పెట్టి, ఏది మురికో చెప్పమన్నాను. ఆయన వేలు ఎర్రదాని వైపే పోయింది.

"రెండూ మురికే సార్. ఒక్క షెడ్డునే మూస్తమంటే నేను సంతకం పెట్ట."

షెడ్డు మూతపడలేదు. రంగునీళ్లు నిలవేసే తొట్టి కట్టమంటే సరోజమ్మ నన్ను తిట్టుకుంటూనే కట్టించింది. దుకాణానికి మాత్రం సామాను మీద రేకులేయమని ఒక నోటీసు, అంతే. మా లిస్టులో ఆ రసాయనాలు ఇంతకు మించకూడదన్న హద్దు రాసి లేదట.

మురికి కంటికి కనపడితే ఎవరో ఒకరి మెడకు చుట్టడం తేలికని ఆ కేసులో తెలిసింది. అప్పటి నుంచి నా ప్రతి రిపోర్టు కింద "ఈ నీటిలో ఫ్లేమ్ రిటార్డెంట్లు ఉన్నాయో లేదో పరీక్షించలేదు" అని రాస్తున్నాను. ఆ వాక్యం అనవసరం, తీసేయమని పైనుంచి చెబుతూనే ఉన్నారు. పరీక్షించిన రోజు తీసేస్తాను.